పిల్లల్లో అంతుపట్టని లక్షణాలు, క్యాన్సర్ భయం: తల్లిదండ్రులు ఏం గమనించాలి, ఎప్పుడు పట్టుబట్టాలి

జ్వరం మూడో వారంలో కూడా తగ్గకపోయినా, మెడ పక్కన చేతికి తగిలిన బిళ్ళ ఎంతకూ కరగకపోయినా, ఎప్పుడూ పరుగులు తీసే పిల్ల ఊరికే పడుకుని ఉంటున్నా, తల్లిదండ్రుల మనసు క్యాన్సర్ అనే మాట దగ్గరకు వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. ఆ భయాన్ని పైకి అనగానే అతిగా ఆలోచిస్తున్నావని చుట్టూ ఉన్నవాళ్ళు సర్దిచెబుతారు. సర్దిచెప్పినంత మాత్రాన అది పోదు, పోవలసిన అవసరం కూడా లేదు. అయితే భయం భయంగానే ఉండిపోతే దానివల్ల పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు కాబట్టి, దాన్ని తేదీలతో, కొలతలతో, చూసినది చూసినట్టు చెప్పగలిగే సమాచారంగా మార్చి వైద్యుడి ముందు పెట్టడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా రెండు వాస్తవాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద 19 ఏళ్ళ లోపు వారిలో ఏటా సుమారు 4 లక్షల మంది క్యాన్సర్ బారిన పడుతున్నారు. పిల్లలందరి సంఖ్యతో పోలిస్తే ఇది చాలా తక్కువ. జ్వరం, కాళ్ళ నొప్పులు, బిళ్ళలు కట్టడం వంటి వాటికి చాలా సందర్భాల్లో మామూలు ఇన్ఫెక్షన్లే కారణం. రెండవది, పెద్దవారికి కొన్ని క్యాన్సర్లను ముందుగానే పట్టుకునే సామూహిక పరీక్షలు ఉన్నాయి గానీ, పిల్లల క్యాన్సర్లను సాధారణంగా అలా కనిపెట్టలేము. లక్షణాన్ని ఎవరో ఒకరు గుర్తించి ఆస్పత్రికి తీసుకురావడమే దారి, ఆ ఎవరో ఒకరు దాదాపు ఎప్పుడూ ఇంట్లోవాళ్ళే. మంచి వైద్య సదుపాయాలున్న సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. కాబట్టి తొందరగా వెళ్ళడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుంది.

ఒక్క రోజు కూడా ఆగకూడని పరిస్థితులు

కొన్నిటికి పరిశీలన, నోటు పుస్తకం అవసరం లేదు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి. మూర్ఛ రావడం, పిలిస్తే సరిగా పలకనంత మగతగా ఉండడం, తీవ్రమైన తలనొప్పితో ఆగకుండా వాంతులు, రక్తస్రావం ఆగకపోవడం, కాళ్ళు ఉన్నట్టుండి బలహీనపడడం, నడుము నొప్పితో పాటు మల మూత్రాలపై అదుపు తప్పడం ఇలాంటివి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక కూర్చునే నిద్రపోవడం, దానికి తోడు ముఖమూ మెడా ఉబ్బడం కనిపిస్తే, ఛాతీలో గడ్డ శ్వాసనాళాన్ని నొక్కుతూ ఉండవచ్చు. ఆ స్థితిలో పిల్లలను బలవంతంగా పడుకోబెట్టకూడదు.

చర్మం మీద సూది మొనలంత ఎర్రటి లేదా ఊదా రంగు చుక్కలు కనిపిస్తే, శుభ్రమైన గాజు గ్లాసు పక్క భాగాన్ని వాటిపై గట్టిగా అదిమి, గ్లాసులోంచి చూడాలి. మామూలు దద్దుర్లు చాలావరకు ఒత్తిడికి పాలిపోతాయి. చర్మం కింద రక్తం చిమ్మినందువల్ల వచ్చిన చుక్కలు మాత్రం రంగు మారకుండా అలాగే కనిపిస్తాయి. జ్వరంతో పాటు ఇలాంటి చుక్కలుంటే అది ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ కావచ్చు. జ్వరం లేకుండా వచ్చినా, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండవచ్చు కాబట్టి అదే రోజు చూపించాలి.

లక్షణం ఒంటరిగా కాదు, దాని నడకను చూడాలి

మిగిలిన సందర్భాల్లో ఒక లక్షణం ఉందా లేదా అన్నదాని కంటే అది ఎలా నడుస్తోందన్నదే ముఖ్యం. తగ్గవలసిన సమయానికి తగ్గిందా, రోజురోజుకూ పెరుగుతోందా, మొదట చెప్పిన కారణానికి ఇప్పుడు కనిపిస్తున్నది సరిపోతోందా, దానికి మరో లక్షణం వచ్చి చేరిందా అని చూసుకోవాలి. వీటిలో చివరి రెండూ చాలా విలువైనవని నా అభిప్రాయం. కాలు నొప్పి ఒక్కటే అయితే దెబ్బ తగిలి ఉండవచ్చు. కాలు నొప్పి, పాలిపోయిన ముఖం, విడవని జ్వరం మూడూ కలిసి వస్తే దెబ్బ అనే వివరణ చాలదు.

కాళ్ళ నొప్పులనే తీసుకుందాం, ఎందుకంటే తల్లిదండ్రులూ వైద్యులూ కూడా ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పెరుగుదల నొప్పులు అని పిలిచేవి సాధారణంగా 3 నుంచి 12 ఏళ్ళ మధ్య పిల్లల్లో, రెండు కాళ్ళలోనూ, తొడలు, పిక్కలు, మోకాళ్ళ వెనుక భాగాల్లో, సాయంత్రమో రాత్రో వస్తాయి. కాసేపు ఒత్తితే తగ్గుతాయి, తెల్లవారేసరికి పిల్లలు ఎప్పటిలాగే గెంతుతుంటారు. అలా కాకుండా నొప్పి ఎప్పుడూ ఒకే చోట ఉండి, వేలితో చూపించగలిగేంత స్పష్టంగా ఉండి, నిద్రలోంచి లేపుతూ, పగలు కూడా కుంటేలా చేస్తుంటే, లేదా ఒత్తనివ్వకపోతే, దాన్ని పెరుగుదల నొప్పిగా సరిపెట్టుకోకూడదు. కౌమార వయసులో ఎముక క్యాన్సర్ తరచుగా మోకాలి చుట్టుపక్కలే వస్తుంది, ఆటలో తగిలిన దెబ్బగా అందరూ భావించడం వల్ల వారాలు గడిచిపోతాయి. నడక నేర్చిన చిన్నపిల్ల మళ్ళీ ఎత్తుకోమని మారాం చేయడం, నిలబడడానికి ఇష్టపడకపోవడం కూడా ఎముక నొప్పిని చెప్పే తీరు కావచ్చు. ఎముక మూలుగలో పుట్టే లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో నొప్పి ఒకసారి కాలిలో, మరోసారి నడుములో చోటు మారుతూ ఉండవచ్చు కూడా.

లుకేమియా పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్. అందులో ప్రధానమైన రకం 2 నుంచి 5 ఏళ్ళ మధ్య ఎక్కువగా వస్తుంది. మూలుగలో చెడ్డ కణాలు నిండిపోయి మంచి రక్తకణాల తయారీకి చోటు లేకపోవడమే దాని లక్షణాలన్నిటికీ మూలం. ఎర్ర కణాలు తగ్గితే పెదవులూ, కింది రెప్ప లోపలి భాగమూ పాలిపోయి ఆయాసం వస్తుంది. తెల్ల కణాలు పని చేయకపోతే జ్వరాలు విడవవు. ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ళ నుంచి రక్తం, కమిలిన మచ్చలు. ఆడే పిల్లలకు మోకాళ్ళ కింద ముందు వైపు కమిలిన మచ్చలు ఉండడం సహజం. వీపు మీద, పొట్ట మీద, దెబ్బ తగిలిన గుర్తు లేని చోట్ల వస్తే చూపించాలి.

మెడలో బిళ్ళలు జలుబు, గొంతు నొప్పి, పుచ్చిన పన్ను, తలలో పుండ్ల వల్ల వచ్చి, అవి తగ్గిన తరువాత కూడా కొన్ని వారాలు ఉండిపోతాయి. ముట్టుకుంటే నొప్పిగా, చర్మం కింద అటూ ఇటూ కదులుతూ ఉన్నవాటి విషయంలో సాధారణంగా కంగారు అవసరం లేదు. 2 సెంటీమీటర్లు దాటినవి, వారాలు గడిచేకొద్దీ పెరుగుతున్నవి, గట్టిగా ఉండి కదలనివి, ముఖ్యంగా కాలర్ ఎముక పైన వచ్చినవి వైద్యుడు చూడవలసినవి. రాత్రి బట్టలు తడిసిపోయేలా చెమటలు పట్టడం, బరువు తగ్గడం తోడైతే ఇంకా త్వరపడాలి.

తలనొప్పి ఉదయం లేవగానే వచ్చి, వాంతి అయ్యాక తేలికపడుతూ, నాలుగు వారాలకు మించి కొనసాగితే కారణం వెతకాలి. విరేచనాలు లేకుండా వాంతులు మాత్రమే రెండు వారాలకు పైగా ఉన్నా అంతే. నడకలో తూలడం, చేతిరాత పాడవడం, తల ఒక పక్కకు వంచి చూడడం, కొత్తగా మెల్లకన్ను రావడం, దాహం మూత్రం విపరీతంగా పెరగడం మెదడుకు సంబంధించిన సూచనలు కావచ్చు. మాట్లాడలేని పసిపిల్లల్లో మాడు ఉబ్బడం, తల చుట్టుకొలత వేగంగా పెరగడం గమనించాలి.

స్నానం చేయిస్తున్నప్పుడు పొట్టలో ఒక వైపు గట్టిగా ఏదైనా తగిలితే, ఇంట్లో ఒకరి తరువాత ఒకరు నొక్కి చూడకూడదు. చిన్నపిల్లల్లో మూత్రపిండానికి వచ్చే గడ్డను పదే పదే నొక్కడం మంచిది కాదు. ఒకటి రెండు రోజుల్లో వైద్యుడికి చూపించాలి, తొలి పరీక్ష సాధారణంగా అల్ట్రాసౌండే.

కంటి విషయం సులభంగా గమనించదగినది. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కంటి పాప ఎర్రగా, రెండవది తెల్లగా మెరుస్తూ కనిపిస్తే అది రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ గుర్తు కావచ్చు. ఈ వ్యాధి ఎక్కువగా ఐదేళ్ళ లోపే వస్తుంది. పిల్లలు పక్కకు చూస్తున్నప్పుడు తీసిన ఫొటోలో ఆరోగ్యంగా ఉన్న కన్ను కూడా ఒక్కోసారి అలా మెరుస్తుంది, కానీ ఆ తేడాను ఇంట్లో తేల్చుకోవాలని ప్రయత్నించకుండా, పాత ఫొటోలతో సహా కంటి వైద్యుడికి ఈ వారంలోనే చూపించాలి.

రాసుకునే పద్ధతి

"చాలా రోజులుగా నీరసంగా ఉంటున్నాడు" అన్న మాట వైద్యుడికి పెద్దగా ఉపయోగపడదు. "మంగళవారం రాత్రి 2 గంటలకు కుడి మోకాలి పైన పట్టుకుని ఏడ్చాడు, ఒత్తనివ్వలేదు, పారాసెటమాల్ ఇచ్చిన గంటకు నిద్రపోయాడు, ఉదయం మెట్లు ఒక్కో మెట్టుకు రెండు కాళ్ళూ పెట్టి దిగాడు" అన్నది ఉపయోగపడుతుంది. మొదటి లక్షణం కనిపించిన తేదీ, జ్వరం థర్మామీటరులో ఎంత చూపిందీ, వారానికొకసారి బరువు, బిళ్ళ కొలత, వాడిన మందుల పేర్లు, వాటితో తగ్గిందా లేదా రాయండి. మచ్చలను, వాపును పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తూలుతూ నడవడం వంటివి వైద్యుడి గదిలో కనిపించకపోవచ్చు కాబట్టి చిన్న వీడియో ఉంచుకోండి. బిళ్ళను రోజూ తడమడం వల్ల అదే ఉబ్బి తప్పుదారి పట్టించవచ్చు, వారానికి ఒకసారి చాలు.

వైద్యుడి దగ్గర

అసలు భయాన్ని దాచకుండా, "ఇది క్యాన్సర్ ఏమోనని భయంగా ఉంది, కాదని మీరు ఏ ఆధారంతో అనుకుంటున్నారో చెప్పగలరా" అని మర్యాదగా అడగవచ్చు. మంచి వైద్యుడికి అది అవమానంగా తోచదు. పొట్ట, చంకలు, గజ్జలు, మెడ తడిమి చూడడం, కళ్ళు, నడక పరిశీలించడం జరిగాయో లేదో గమనించండి. మగపిల్లల్లో వృషణాలు కూడా చూడాలి, అక్కడ నొప్పి లేని వాపుకూ అంతే ప్రాధాన్యం ఉంది.

పాలిపోవడం, విడవని జ్వరం, కారణం తెలియని ఎముక నొప్పి, కమిలిన మచ్చలు ఉంటే పూర్తి రక్త కణాల లెక్క తప్పనిసరిగా అడగదగినది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో దీన్ని 48 గంటల్లోపు చేయించాలని పేర్కొంది. అంకెలతో పాటు రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద నిపుణులు చూసిన నివేదిక కూడా ఉంటే మేలు. ఈ పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన మెదడు, ఎముక, మూత్రపిండ గడ్డలు లేవని కాదు. అలాగే, సొంతంగా ప్రయోగశాలకు వెళ్ళి "క్యాన్సర్ మార్కర్ల" పరీక్షలన్నీ చేయించడం వల్ల కొత్త గందరగోళమే మిగులుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరికను ప్రత్యేకంగా చెప్పాలి. కారణం తేలకముందే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు ఇస్తే జ్వరం, నొప్పి, బిళ్ళలు తగ్గి బాగైనట్టే కనిపిస్తుంది. లుకేమియా, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) కణాలపై కూడా ఆ మందు పని చేస్తుంది కాబట్టి, వ్యాధి కొంతకాలం మరుగునపడి నిర్ధారణ, చికిత్స రెండూ క్లిష్టమవుతాయి. రాసిన మందులో స్టెరాయిడ్ ఉందా, ఎందుకు అని అడగండి. ఉబ్బసం వంటి వాటికి ఇప్పటికే వాడుతున్నదాన్ని మాత్రం సొంతంగా ఆపకూడదు. నొప్పికి ఆస్ప్రిన్ ఇవ్వకండి.

బయాప్సీ, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, చేయాలంటే వెనుకాడకండి, సూది తగిలితే వ్యాధి పాకుతుందన్న భయం వల్ల పిల్లల విలువైన సమయం పోతుంది. అయితే ఎముక గడ్డ వంటివాటిలో ముక్క ఎక్కడి నుంచి తీయాలన్నది తరువాతి ఆపరేషన్‌ను ప్రభావితం చేస్తుంది కాబట్టి, పిల్లల క్యాన్సర్లకు చికిత్స చేసే కేంద్రంలోనే అది జరగడం మేలు.

సమాధానం సరిపోనప్పుడు

"వైరల్ జ్వరం, తగ్గిపోతుంది" అన్నది చాలాసార్లు సరైన సమాధానమే. దానిని అంగీకరిస్తూనే, "ఎప్పటిలోగా తగ్గాలి, తగ్గకపోతే తరువాత ఏం చేస్తారు" అని అడిగి ఆ తేదీని రాసుకోండి. ఆ తేదీకి తగ్గకపోతే తిరిగి వెళ్ళడం వైద్యుడిని అనుమానించడం కాదు, ఆయన చెప్పినదాన్ని పాటించడమే. వెళ్ళేటప్పుడు వీలైతే అదే వైద్యుడి దగ్గరకే వెళ్ళండి, ఎందుకంటే ప్రతిసారీ కొత్తవారి దగ్గరకు వెళితే ప్రతిసారీ మొదటి రోజు జ్వరంగానే లెక్కవుతుంది. ఒకే సమస్యతో మూడోసారి వెళ్ళినా కారణం తేలకపోతే, పిల్లల నిపుణుడికో, క్యాన్సర్ నిపుణుడికో రాసి పంపమని స్పష్టంగా అడగండి. లక్షణాలకు మామూలు కారణమే ఉండే అవకాశం ఎక్కువైనా, తల్లిదండ్రుల ఆందోళన కొనసాగుతుంటే పైవారికి పంపే విషయం ఆలోచించాలని పైన చెప్పిన బ్రిటన్ సూచనల్లోనే ఉంది.

ఫలితాల కోసం ఎదురుచూసే రోజుల్లో

పరీక్షలకు ముందు పిల్లలతో వయసుకు తగినట్టు నిజమే చెప్పండి. "సూది కొంచెం నొప్పి పుడుతుంది, నేను పక్కనే చేయి పట్టుకుంటాను" అనడం, అసలు నొప్పే ఉండదనడం కంటే మంచిది. ఒకసారి అబద్ధం అని తేలితే తరువాతి సూదికి నమ్మరు. తలుపు చాటున గుసగుసలు ఆపండి, వాటినుంచి పిల్లలు ఊహించుకునేది అసలు విషయం కంటే భయంకరంగా ఉంటుంది. పెట్టిన తిండి వల్లనో, తిట్టినందువల్లనో ఇలా జరిగిందని తల్లిదండ్రులు తమను తాము నిందించుకోవడానికి ఆధారమేమీ లేదు. పిల్లల క్యాన్సర్లలో సుమారు పది శాతానికి మాత్రమే పుట్టుకతో వచ్చిన జన్యు కారణాలు ఉంటాయి, మిగిలినవాటిలో చాలావరకు కారణం తెలియదు, ఇది అంటువ్యాధి కూడా కాదు. ఫలితం ఏ రోజు వస్తుంది, ఎవరు చెబుతారు, ఆలోపు జ్వరం పెరిగితే రాత్రివేళ ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి ఆస్పత్రి నుంచి బయటికి వచ్చే ముందే అడిగి, అదే నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.