బండి తేడాగా ఉందా? మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు టైర్లో గాలి చూసుకోండి

బెంగళూరులో ఏ బంకుకెళ్ళినా గాలి కొట్టే అబ్బాయి అడిగేది ఒకటే, "మూవత్తైదు హాక్లా సార్?" అని, అంటే ముప్పై ఐదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టనా అని, మనం కూడా తలూపేస్తాం. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కీ అదే 35, ఏడుగురు కూర్చునే బండికీ అదే 35. నేను మారతహళ్ళిలో ఉంటా, నెలకోసారి కోలార్, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్ళొస్తుంటా, ఈ మధ్య మావాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ చేసి బండి ఇలా చేస్తోంది అలా చేస్తోంది అంటుంటే చూస్తే చాలావాటికి మూలం గాలి దగ్గరే తేలింది, అందుకే తెలిసినవన్నీ ఒకచోట పెడుతున్నా.

ముందు మీ బండి టైర్లకి గాలి ఎంత ఉండాలో ఆ నంబర్ చూసుకోండి, అది తెలీకుండా కింద రాసిందేదీ పనికిరాదు. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, కొన్ని బళ్ళకి పెట్రోల్ మూత లోపల ఉంటుంది, రెండుచోట్లా లేకపోతే మాన్యువల్లో. ముందు టైర్లకి ఎంత, వెనక వాటికి ఎంత, ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఎంత, ఫుల్ లోడ్ అయితే ఎంత అన్నీ దాన్లోనే ఉంటాయి. బార్‌లో రాసుంటే కంగారు పడక్కర్లేదు, 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, అంటే 2.3 బార్ దాదాపు 33. టైరు పక్కన అచ్చేసి ఉంటుందే 44 అనో 51 అనో, అది చూసి అంతా కొట్టించేవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మన బండికి కావాల్సింది కాదు.

రాత్రి కరెక్టుగా కొట్టించా, పొద్దున చూస్తే తక్కువుంది

అందరికీ అయ్యేది ఇదే. స్టిక్కర్ మీది నంబర్ చల్లటి టైరుకి, అంటే బండి మూడు గంటలన్నా ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకి మించి తిరిగి ఉండకూడదు. ఆఫీసు నుంచి గంటన్నర రింగ్ రోడ్డు మీద వచ్చి బంకులో ఆపితే టైరు వేడెక్కి ఉంటుంది, 33 ఉండాల్సింది 36, 37 చూపిస్తుంది, ఎక్కువైందని అబ్బాయి కాస్త వదిలేస్తాడు, పొద్దున చల్లబడ్డాక చూస్తే 29, 30. వేడి టైర్లోంచి గాలి ఎప్పుడూ తీయించకండి. ఒక టైరు బాగా తగ్గి వేడిమీదే కొట్టించక తప్పకపోతే స్టిక్కర్ కంటే ఓ 4 ఎక్కువ పెట్టించి మర్నాడు పొద్దున సరిచేసుకోండి.

నా మాట విని గాలి కొలిచే గేజ్ ఒకటి కొనుక్కోండి, డిజిటల్‌దైనా పర్లేదు. బంకు మెషీన్లు ఒకదానికొకటి రెండు మూడు తేడా చూపిస్తాయి, మన చేతిలో ఎప్పుడూ అదే గేజ్ ఉంటే ఏది తగ్గిందో ఏది పెరిగిందో తెలుస్తుంది. ఆదివారం పొద్దున బండి తీయకముందు నాలుగు టైర్లూ చూడ్డానికి ఐదు నిమిషాలు.

స్టీరింగ్ బరువుగా ఉంది, మైలేజీ పడిపోయింది

గాలి తక్కువ. టైరు రోడ్డుకి ఎక్కువగా అతుక్కుని నలుగుతూ తిరుగుతుంది, ఇంజిన్ అదనంగా లాగాలి. సిల్క్ బోర్డు దగ్గర పాకుతూ పోయే బండిలో ఇది అస్సలు తెలీదు, హోసూరు రోడ్డు ఎక్కి ఎనభై దాటితేనే మలుపుల్లో బండి ఒళ్ళు వదిలేసినట్టు అనిపిస్తుంది. టైరు మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి నిమరండి, రెండు అంచులూ నున్నగా అయ్యి మధ్యలో గాళ్ళు లోతుగా ఉంటే చాన్నాళ్ళుగా తక్కువ గాలితో తిరుగుతున్నట్టే. మధ్యలో అరిగి అంచులు బాగుంటే ఎక్కువ గాలి. ఒకే అంచు అరిగితే గాలి తప్పు కాదు, అలైన్‌మెంట్ (చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో) చూపించండి. గాళ్ళ మధ్యలో చిన్న గట్టుల్లా ఉంటాయి చూడండి, అవి 1.6 మిల్లీమీటర్ల గుర్తు, అరుగుదల అక్కడికొస్తే గాలితో పనిలేదు, టైరు మార్చడమే.

ప్రతి గుంతకీ ఎత్తేస్తోంది

మొన్న సంక్రాంతికి అమ్మని తీసుకొస్తుంటే దారి పొడుగునా వెనక సీట్లో నడుం పట్టుకునే కూర్చుంది, సస్పెన్షన్ పోయిందేమో అనుకుంటూ ఇంటికొచ్చా, పొద్దున గేజ్ పెడితే వెనక రెండూ 41. హైవే కదా అని వెళ్ళేముందు బంకులో ఎక్కువ కొట్టారు, నేను చూసుకోలేదు. మా బండికి ఫుల్ లోడ్‌కి కూడా వెనక 36 చాలు. తగ్గించాక తిరుగు ప్రయాణంలో అమ్మ పలమనేరు దాకా నిద్రపోయింది. ఎక్కువ గాలి ఉంటే కుదుపే కాదు, రోడ్డుని పట్టుకునే భాగం తగ్గుతుంది, వానలో బ్రేకు వేస్తే బండి జారే ప్రమాదం పెరుగుతుంది.

ఒకవైపు లాగుతోంది

ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో చూడండి, ఏవైపు తక్కువుంటే అటు లాగుతుంది. సమానం చేసినా లాగుతుంటే అప్పుడు అలైన్‌మెంట్. డబ్బులిచ్చి అలైన్‌మెంట్ చేయించుకునే ముందు కూడా గాలి సరిచేయించుకునే వెళ్ళండి.

ఒక్క టైరే వారంవారం దిగిపోతోంది

నెలకి ఒకటి రెండు పీఎస్‌ఐ తగ్గడం మామూలే, రబ్బరులోంచి కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. ఒక్కదాన్లోనే వారానికి నాలుగైదు పోతుంటే ఎక్కడో లీక్. మా బావమరిది రెండు నెలలు కొట్టించుకుంటూనే తిరిగాడు, పంక్చర్ షాపులో నీళ్ళతొట్లో ముంచి చూసి ఏం లేదన్నారట. మా అపార్ట్‌మెంట్ కింద గిన్నెలో సర్ఫ్ నీళ్ళు కలిపి, మూత తీసి వాల్వ్ (గాలి ఎక్కించే గొట్టం) మీద పోశాం, ఒక నిమిషం ఏమీ కనబళ్ళేదు, తర్వాత వాల్వ్‌ని వేలితో కాస్త పక్కకి వంచితే దాని అడుగున ఉన్న పగులులోంచి ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రబ్బరు వాల్వ్ ఎండకి చీలిపోయింది, మార్పిస్తే అయిపోయింది. టైర్లు మార్చేటప్పుడు వాల్వులు కూడా కొత్తవి వేయించుకోండి, పెద్ద ఖర్చేం కాదు.

వాల్వ్ బాగుంటే రిమ్ము అంచు చుట్టూ పోయండి, గుంతలో పడి రిమ్ము వంగితే అక్కడ్నుంచి పోతుంది. మేకు దిగితే, రోడ్డుకి తగిలే భాగంలోనైతే రిపేరవుతుంది, పక్క గోడలో అయితే ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. పక్కన బొబ్బలాగా ఉబ్బితే లోపల దారాలు తెగాయని అర్థం, దానికి గాలి తగ్గించినా పెంచినా లాభం లేదు, హైవే ఎక్కకండి, మార్చేయండి.

టైరు లైటు పొద్దున వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోతోంది

గాలి తక్కువైందని డాష్‌బోర్డులో వెలిగే లైటు గురించి డిసెంబరు జనవరిలో ఇక్కడ ఎక్కువగా వింటా. వేడి 10 డిగ్రీలు తగ్గితే గాలి దాదాపు 1.5 పీఎస్‌ఐ తగ్గుతుంది, అప్పటికే కొంచెం తక్కువున్న టైరు పొద్దుటి చలికి లైటు వెలిగే హద్దు కిందకి పోతుంది. లైటు ఆరిందని వదిలేయకుండా చల్లగా ఉన్నప్పుడే సరిచేయండి. కొన్ని బళ్ళలో టైర్లో సెన్సర్ ఉండదు, చక్రం తిరిగే వేగాన్ని బట్టి లెక్కేస్తుంది, వాటికి గాలి కొట్టించాక రీసెట్ కూడా నొక్కాలి, లేకపోతే లైటు పోదు.

ఎండాకాలం హైవేలో టైరు ముట్టుకుంటే కాలుతోంది

ఇది అందరూ జాగ్రత్తగా చదవాలి. మే నెలలో బెంగళూరు నుంచి పెనుకొండ, అనంతపురం, కర్నూలు దారిలో వెళ్ళేవాళ్ళు ఎండకి పేలిపోతుందేమోనని 28కో 27కో దించుకుని బయల్దేరతారు, మా పెద్దనాన్న కూడా ఇప్పటికీ అదే చెప్తాడు. జరిగేది తలకిందులు. గాలి తక్కువుంటే టైరు గోడలు ప్రతి తిప్పుకీ వంగి లేస్తాయి, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది, నిండా మనుషులు, డిక్కీనిండా సామాను, వందకి పైన స్పీడు, అలా గంటలు గంటలు పోతే లోపలి పొరలు విడిపోయి పేలుతుంది. ఎండకి పెరిగే మూడు నాలుగు పీఎస్‌ఐని మంచి టైరు తట్టుకుంటుంది, అంతా లెక్కేసే స్టిక్కర్ నంబర్ ఇచ్చారు. సామానుతో వెళ్తుంటే ఫుల్ లోడ్ నంబర్ పెట్టండి, దించకండి.

నైట్రోజన్ కొట్టిస్తే ఈ గొడవ ఉండదా అంటే, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. తేమ ఉండదు, కొంచెం నెమ్మదిగా దిగుతుంది, అంతే, చెక్ చేయడం తప్పదు. బంకులో మామూలు గాలి ఫ్రీగా ఇవ్వాలి కూడా.

చెన్నై వెళ్ళేవాళ్ళు అడుగుతారు, మనం ఎత్తులో ఉన్నాం కదా తేడా వస్తుందా అని. వస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, కిందకి దిగితే బయటి గాలి ఒత్తిడి పెరిగి గేజ్ ఓ 1.5 తక్కువ చూపిస్తుంది, అక్కడి వేడికి మళ్ళీ అంత పెరుగుతుంది, దాదాపు సరికి సరి. అక్కడ రెండు మూడ్రోజులుంటే ఒక పొద్దున చూసుకోండి చాలు.

స్టెప్నీ మర్చిపోకండి. సన్నటి స్టెప్నీ అయితే చాలావాటికి 60 పీఎస్‌ఐ ఉండాలి, దాని మీదే రాసుంటుంది, మామూలు సైజుదైతే ఫుల్ లోడ్ నంబర్ పెట్టి ఉంచండి. ముళబాగిలు దాటాక రాత్రి పదకొండింటికి జాకీ వేసి బండి లేపి, డిక్కీలోంచి తీసిన స్టెప్నీ బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది, పిల్లలు రోడ్డు పక్కన గంటన్నర నిలబడ్డారు, అప్పట్నుంచి ఆదివారం లెక్కలో నాలుగు కాదు, ఐదు టైర్లు చూస్తున్నా.