ఇరవయ్యో తారీకుకే డబ్బులు అయిపోతున్నాయా? ఎక్కడ కారుతోందో చూడండి

తిరుపతి బస్టాండు దగ్గర ఒక భోజనం హోటల్లో క్యాష్ కౌంటరు నాది, మా ఆయనది ఆటో. ఇద్దరిదీ కలిపితే మంచి నెలలో ముప్పై వేలు దాటుతుంది, డల్ నెలలో ఇరవై కూడా రాదు. మూడేళ్ల కిందట నాలుగు చోట్ల అప్పు ఉండేది, ఇప్పుడు ఒక్క నగల లోను మిగిలింది. వెనక్కి చూసుకుంటే రాబడి తక్కువవడం కన్నా, డబ్బు వచ్చే రోజులకీ మేం కట్టాల్సిన రోజులకీ పొంతన లేకపోవడమే మమ్మల్ని ఎక్కువ ముంచింది. మీ ఇంట్లో కనిపించే లక్షణం ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

లక్షణం: వేసవిలో చేతినిండా డబ్బు, జూలైలో చేబదులు

కారణం: కొండకి జనం పోటెత్తిన నెలలో వచ్చిందే మన సంపాదన అనుకుంటాం. మేం అలాగే ఒక మే నెలలో కంతుల మీద టీవీ తెచ్చుకున్నాం. స్కూళ్లు తెరిచాక ఆటో లీలామహల్ సర్కిల్లో గంటల తరబడి నిలబడే ఉండేది, కంతు మాత్రం అయిదో తారీకుకి ఠంచనుగా వచ్చేది.

ఏం చేయాలి: గడిచిన ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెల ఏదో గుర్తు తెచ్చుకోండి. అద్దె, బియ్యం, పాలు, స్కూల్ ఆటో ఆ అంకెలోనే ఇమడాలి. ఇమడకపోతే తగ్గించాల్సింది టీ, బిస్కెట్లు కాదండీ, అద్దె ఇల్లో కంతో, ఏదో ఒక పెద్దది. పైన వచ్చినదంతా ఏటీఎం కార్డు, ఫోన్‌పే లేని వేరే ఖాతాలోకి పోవాలి. పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా కొంత కట్టే పొదుపు ఖాతా అయితే నెలకు వంద నుంచీ కట్టొచ్చు, అయిదేళ్లు. 2025లో వడ్డీ 6.7 శాతం, ఆ లెక్కన నెలకు వెయ్యి కడితే చివర్లో 71 వేల పైచిలుకు వస్తుంది. పన్నెండు కంతులు కట్టాక అవసరం పడితే ఖాతాలో ఉన్నదాంట్లో సగం దాకా లోను ఇస్తారు, అందుకే నాకు అది నచ్చింది.

లక్షణం: రోజూ కడుతూనే ఉన్నాం, అప్పు తీరదు

మా ఇంట్లో అసలు జబ్బు ఇదే. రోజువారీ ఫైనాన్స్ ఆయన పదివేలు అని రాసుకుని చేతికి 8,500 ఇచ్చేవాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. సాయంత్రం ఆరింటికి బండి మీద వచ్చి, చిన్న అట్ట కార్డు మీద టిక్కు పెట్టి వెళ్లేవాడు. పదిహేను వందలే కదా పోయేది అనుకున్నాం.

ఒకరోజు కౌంటర్లో జనం లేనప్పుడు బిల్లు పుస్తకం వెనక లెక్క వేశాను. 8,500 మన దగ్గర వంద రోజులూ ఉండదు, రోజూ తరుగుతుంది, సగటున మన చేతిలో ఉండేది సుమారు 4,250. దానికి వంద రోజులకి 1,500 వడ్డీ అంటే ఏడాదికి దాదాపు 129 శాతం. మన భాషలో చెప్పాలంటే నెలకు నూటికి పది రూపాయల వడ్డీ పైమాటే! అయిదు రూపాయల వడ్డీ అంటేనే నోరు తెరిచే మా అత్త ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఏం చేయాలి: అప్పులన్నీ క్యాలెండరు వెనక రాయండి, పెద్ద మొత్తం పైన కాకుండా పెద్ద వడ్డీ పైన ఉండేలా. మొదటిది ముందు మూసేయాలి, మిగతావాళ్లకి వడ్డీ మాత్రం ఆపకూడదు. నేను నా గాజులు బ్యాంకులో కుదువ పెట్టి రోజువారీది ఒక్క దెబ్బకి కట్టేశాను. బ్యాంకులో నగల లోను మామూలుగా రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది. బంగారం లేనివాళ్లు డ్వాక్రా సంఘంలో అడగండి, మా సంఘంలో రూపాయి వడ్డీనే. పాత కార్డు చించేసిన మర్నాటి నుంచీ రోజూ అదే వంద రూపాయలు నగల లోను కోసం పక్కన పెట్టకపోతే గాజులు వేలానికి పోతాయి, ఇక్కడే చాలామంది జారిపోతారు.

లక్షణం: అప్పే తీసుకోలేదు, బ్యాంకు లోను ఇవ్వనంటోంది

కారణం ఎక్కువగా మీరు ఎవరికో పెట్టిన జామీను సంతకం, లేదంటే ఫోను ఫైనాన్సులో కట్టకుండా వదిలేసిన చివరి కంతు. మన అప్పులు, కట్టిన తీరు అన్నీ ఉండే సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా తీసుకోవచ్చు, ముందు అది చూడండి. ఎంతో కొంత కట్టి సెటిల్ చేసుకోమని ఫోన్లు వస్తాయి. అలా చేస్తే రిపోర్టులో 'సెటిల్డ్' అని మచ్చ ఉండిపోతుంది. వీలైతే మొత్తం కట్టి, బాకీ లేదని రాసిచ్చే నో డ్యూ కాగితం తీసుకోండి. "నీ పేరు మీద తీసివ్వు వదినా" అనే మాటకి మాత్రం మొహమాటపడొద్దు.

లక్షణం: చీటీ వేశాం, ఎత్తుకునేలోపే చీటీ నడిపే మనిషి లేడు

రిజిస్టర్ కాని చీటీ అది. 1982 చట్టం ప్రకారం ప్రతి చీటీనీ రిజిస్టర్ చేయించాలి, నడిపేవాళ్ల కమీషన్ 2019 సవరణ తర్వాత గరిష్ఠంగా 7 శాతం. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే మొహం మార్చేవాళ్ల దగ్గర వేయకండి, అంతే.

లక్షణం: ఒక్క జ్వరం, ఒక్క యాక్సిడెంట్, మళ్లీ మొదటికి

వైద్యానికి ముందు తిరుపతిలోని రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌ ఆసుపత్రిలోనో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందేమో అడగండి, నగలు తీసేది ఆ తర్వాతే. ఇక బ్యాంకులో ఉండే రెండు బీమాలు: ప్రమాదానికి (సురక్షా బీమా) ఏడాదికి 20 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా వర్తించేదానికి (జీవన్ జ్యోతి బీమా) 436, రెండూ రెండేసి లక్షలు. రెండోదాంట్లో చేరే వయసు 18 నుంచి 50. ఇందులో తిరుపతివాళ్లకి ఒక తిరకాసు ఉంది. ఆ డబ్బు మే నెలాఖరులో కట్ అవుతుంది. అదే నెలలో గంగమ్మ జాతర, చుట్టాలు, చీరలు, వెనకే స్కూలు పుస్తకాలు. ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది, ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. మా పక్కింటి అక్క జూన్‌లో నాతో మాట్లాడుతూ ఫోన్ తీసి చూసుకుంది, ఆవిడది ఆగిపోయింది. మే ఇరవై కల్లా 456 వేసేయండి.

లక్షణం: సంపాదన పెంచుదామని కొన్న వస్తువు మూలన పడింది

చిత్తూరులో మా వదిన దోశపిండి అమ్ముదామని కంతుల మీద పెద్ద గ్రైండరు తీసుకుంది. కొనేవాళ్లు ఎంతమందో చూసుకోకుండా మిషను ముందు కొనడమే అక్కడ దెబ్బ. దాన్ని నేను సగం ధరకి తెచ్చుకున్నాను, కానీ అంతకుముందు నెల రోజులు ఇంట్లో ఉన్న చిన్నదాంట్లోనే రుబ్బి, మా వీధిలో ఎవరు ఎన్ని కిలోలు తీసుకున్నారో రాసుకున్నాను. రోజుకు ఆరు కిలోలు స్థిరంగా పోతున్నాయని తేలాకే డబ్బు తీశాను. కొత్తదే కావాలంటే చిన్న వ్యాపారాలకి బ్యాంకులు ఇచ్చే ముద్ర శిశు లోను ఉంది, హామీ లేకుండా 50 వేల దాకా ఇస్తారు, ఆ రాసుకున్న పుస్తకం కూడా బ్యాంకుకి పట్టుకెళ్లండి.