స్కూబా శిక్షకుడి అనుభవాన్ని అంచనా వేయడం ఎలా?

స్కూబా డైవింగ్ (సిలిండర్‌లోని గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం) శిక్షకులకు గుర్తింపునిచ్చే అంతర్జాతీయ సంస్థ ‘పాడి’ (PADI) నిబంధనల ప్రకారం శిక్షకుల పరీక్షకు హాజరయ్యే వ్యక్తికి, ఇతర అర్హతలతో పాటు, లాగ్‌బుక్‌లో నమోదైన 100 డైవ్‌లు ఉండాలి. అది ప్రవేశార్హత మాత్రమే. అందువల్ల అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో, విశాఖ రుషికొండలోనో కోర్సులో చేరే ముందు మొత్తం డైవ్‌ల సంఖ్యతో సరిపెట్టుకోకుండా, శిక్షకుడు ఆ తీరంలో ఎన్ని సీజన్లు పనిచేశారో, నీళ్లంటే బెదిరే కొత్తవారికి ఎంతకాలంగా నేర్పుతున్నారో అడగాలి. తేటనీటిలో వేయి డైవ్‌లు చేసినవారైనా మసకనీటి తీరానికి కొత్తవారే. కొత్తవారికి నేర్పే ఓపెన్ వాటర్ కోర్సులో ఒక శిక్షకుడి వెంట 8 మంది వరకు అనుమతి ఉన్నప్పటికీ, నలుగురికి మించని బృందాన్నే ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. శిక్షకుడి గుర్తింపు కార్డు నంబరును పాడి వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడం ఎలాగూ తప్పదు.

నీటిలోకి దిగేముందు జరిగే పరికరాల తనిఖీని మాత్రం నిశితంగా గమనించండి. అనుభవజ్ఞులు మీచేత రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) కొన్నిసార్లు ఊపిరి తీయించి, సిలిండర్‌లోని గాలి పీడనాన్ని చూపే ప్రెషర్ గేజ్ ముల్లును చూస్తారు. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ముల్లు పడిపోయి మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వు పూర్తిగా తెరుచుకోలేదని అనుమానించి, వెంటనే సరిచేస్తారు. సముద్రం బాగాలేక డైవ్ రద్దు చేసిన సందర్భాలను అడిగినా వారు తడుముకోకుండా చెప్పగలగాలి.