యుద్ధకాలపు ఫొటోల్లో పాత రష్యన్ ఫిరంగులను గుర్తించడం

కర్నూలులో మా దగ్గరికి చరిత్ర చదువుకోవడానికి వచ్చే విద్యార్థులు, ఫొటోలో ఫిరంగి పక్కన నిలబడిన సైనికుల యూనిఫాం చూసి అది ఏ దేశానిదో తేల్చేస్తుంటారు. ఆ పద్ధతి నమ్మదగినది కాదు, ఎందుకంటే రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ జర్మన్లు చేజిక్కించుకున్న రష్యన్ ఫిరంగులను తామే వాడుకున్నారు. కాబట్టి ముందు ఫిరంగినే చూడాలి.

మొదట చక్రాలను పరిశీలించండి. మన ఎద్దుల బండికి ఉన్నట్టు ఆకులున్న కొయ్య చక్రాలు, వెనక నేలకు ఆనే ఒకే తోక, గొట్టం కింద రీకాయిల్ సిలిండర్ (పేల్చినప్పుడు గొట్టం వెనక్కి తన్నే ఊపును అణిచే గొట్టం లాంటి భాగం) కనిపిస్తే అది 1902 నమూనా 76.2 మిల్లీమీటర్ల (గొట్టం లోపలి వ్యాసం) ఫిరంగి కావచ్చు. ముందు కవచపు రేకు లేనంత మాత్రాన దాన్ని కొట్టిపారేయకూడదు, తొలినాళ్లలో తయారైనవాటికి ఆ రేకు లేదు.

రెండో ప్రపంచ యుద్ధపు ఫొటోల్లో గొట్టం కొనే ఎక్కువ చెబుతుంది. రబ్బరు టైర్లు, రెండుగా విడిపోయే తోకలు, సన్నని పొడవైన గొట్టం, దాని కొనకు మజిల్ బ్రేక్ (వెనక్కి తన్నే ఊపును తగ్గించే, పక్కలకు రంధ్రాలున్న తొడుగు) ఉంటే 1942 నాటి సోవియట్ ఫిరంగి జిస్-3 అని మొదట అనుమానించాలి. గొట్టం పొట్టిగా, లావుగా ఉండి మజిల్ బ్రేక్ లేకపోతే 1938 నమూనా 122 మిల్లీమీటర్ల ఎం-30 హోవిట్జర్‌తో (గుండును ఎత్తుగా వంపు దారిలో విసిరే పొట్టి ఫిరంగి) పోల్చి చూడండి. ఎం-30కి ఉన్న అదే చక్రాల బండిపై మరింత లావు గొట్టం, మజిల్ బ్రేక్ కనిపిస్తే అది 1943 నాటి 152 మిల్లీమీటర్ల డి-1. ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు. కొన కనిపించని ఫొటోకు పేరు పెట్టకుండా వదిలేయడమే నిజాయితీ.