వెర్మీర్ అమ్మాయి నకలులో ముఖం ఎక్కడ చెడుతుంది: సమస్యలు, పరిష్కారాలు

డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ‘ముత్యపు చెవిపోగు ధరించిన అమ్మాయి’ ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో ఉన్న మౌరిట్స్‌హాయ్స్ మ్యూజియంలో ఉంది. 44.5 సెంటీమీటర్ల ఎత్తు, 39 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్న ఈ చిత్రానికి నకలు వేస్తూ నూనె రంగుల్లో ముఖచిత్రణ నేర్చుకునేవారు సాధారణంగా రంగు కుదరలేదని బాధపడతారు. నా అనుభవంలో తప్పు రంగులో కంటే వెలుగునీడల స్థాయిలోనే ఎక్కువగా ఉంటుంది.

సమస్య: ముఖంలో పోలిక రాలేదు.
కళ్లు, ముక్కు, పెదవులు ఒక్కొక్కటిగా పూర్తి చేసుకుంటూ పోవడం దీనికి కారణం. కాన్వాస్‌ను మూలచిత్రం కొలతల నిష్పత్తిలోనే తీసుకుని, రెండింటి మీదా గళ్లు గీసి, ముందుగా తలపాగా, ముఖం, మెడ నీడ అనే పెద్ద ఆకారాలను మాత్రమే నిలబెట్టండి. ఆ తర్వాత రెండింటినీ తలకిందులుగా పెట్టి పోల్చితే, ముఖంగా చూసినప్పుడు కంటికి ఆనని తేడాలు బయటపడతాయి.

సమస్య: ముక్కు విడిగా అతికించినట్టుంది.
ముక్కు దూలానికీ అవతలి చెంపకూ మధ్య హద్దు ఉండాలని మనకు తెలుసు కాబట్టి అక్కడ గీత గీస్తాము. వెర్మీర్ గీయలేదు. ఆ రెండు భాగాలూ ఒకే వెలుగులో ఉన్నందున ఒకే చర్మపు రంగులో కలిసిపోయాయి. ముక్కు ఆకారాన్ని చూసేవారి కన్నే పూరించుకుంటుంది. గీసిన గీతను గుడ్డతో తుడిచి, రెండు వైపులా ఒకే స్థాయి రంగు వేసి, రంగు అంటని మెత్తటి బ్రష్‌తో ఆ అంచును నెమ్మదిగా కరిగించండి. ఈ ఒక్క అంచు కోసం ఒక రోజంతా వెచ్చించినా అది వృథా కాదు.

సమస్య: చర్మం సున్నం పూసినట్టు పాలిపోయింది, లేదా బురదగా మారింది.
వెలుగు కోసం అన్ని మిశ్రమాల్లోనూ తెలుపు కలిపితే మొదటిది, ఆరని నీడ మీద వెలుగు రంగును పదే పదే రుద్దితే రెండవది జరుగుతుంది. మూలచిత్రం మీద 2018లో జరిగిన శాస్త్రీయ పరిశీలనలో, వెర్మీర్ ముందుగా గోధుమ, నలుపు ఛాయలతో కూర్పును నిలబెట్టుకున్నాడని తేలింది. మీరు కూడా రా అంబర్ అనే ముదురు గోధుమ రంగును పలుచగా వాడి, నీడలన్నింటినీ ఒకే రంగులో పూర్తి చేసి, ఆరనిచ్చాకే చర్మపు రంగులకు వెళ్లండి. నీడ భాగంలో తెలుపును వీలైనంత తగ్గించండి.

సమస్య: పై పొర ముడతలు పడింది లేదా పగిలింది.
నూనె రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది కాబట్టి, నూనె ఎక్కువున్న పొర కిందా తక్కువున్న పొర పైనా పడితే, పైది ముందు బిగుసుకుని కిందది ఇంకా కదులుతూనే ఉంటుంది. మొదటి పొరలో రంగును పలుచన చేసే టర్పెంటైన్ ఎక్కువగా, తర్వాతి పొరల్లో అవిసె నూనె క్రమంగా ఎక్కువగా ఉండాలి. నూనెను మందంగా పోయడం వల్ల కూడా ముడతలు వస్తాయి. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి వదిలేయకండి, అవి తమంతట తామే అంటుకోగలవు. ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

సమస్య: నేపథ్యం నిర్జీవమైన నలుపుగా ఉంది.
ట్యూబులోని నలుపును నేరుగా పూయడమే కారణం. పైన చెప్పిన 2018 పరిశీలనలోనే, అక్కడ ఒకప్పుడు ఆకుపచ్చని తెర ఉండేదనీ, కాలక్రమంలో ఆ రంగు మారిపోయిందనీ తెలిసింది. ముదురు పొర ఆరాక దాని మీద పారదర్శకమైన ఆకుపచ్చను పలుచగా పరిస్తే లోతు వస్తుంది.

సమస్య: ముత్యం తెల్లటి గోళీలా కనిపిస్తోంది.
గుండ్రని అంచును చుట్టూ గీసి, లోపల తెలుపు నింపడం వల్ల ఇలా అవుతుంది. మూలంలో ఆ ముత్యానికి పూర్తి అంచు లేదు, చెవికి తగిలించే కొక్కెం కూడా లేదు. పైన ఎడమ వైపు చిక్కటి తెల్లని మెరుపు ఒకటి, కింద తెల్ల కాలర్ నుంచి పడిన మెత్తటి ప్రతిఫలనం ఒకటి ఉన్నాయి. మెడ నీడ పూర్తిగా ఆరాక, ముందు కింది ప్రతిఫలనాన్ని పలుచగా వేసి, చిట్టచివర పై మెరుపును ఒక్క స్పర్శతో పెట్టి, బ్రష్‌ను పక్కన పెట్టేయండి.