బొటనవేలి గోరు కండలోకి దిగుతుంటే

గోరు మూల పక్క కండలోకి దిగి సలుపుతుంటే, బస్సులో ఎవరో ఒకరు సరిగ్గా ఆ వేలే తొక్కుతారు. గోరుచుట్టు మీద రోకటిపోటు!

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. గోరువెచ్చటి నీళ్లలో పావుగంట కాలు నానబెట్టండి, రోజుకి రెండు మూడుసార్లు. గోరు మెత్తబడ్డాక పక్క కండను వేలితో మెల్లగా కిందికి నొక్కి, బియ్యపుగింజంత దూదిని సన్నగా పేని గోరు మూల కిందకి దూర్చాలి. పిన్నీసు, సూది వద్దే వద్దు. స్నానం అయ్యాక పాదం తుడుచుకుని రోజూ కొత్త దూది పెట్టాలి. తడిది అలాగే వదిలేస్తే చీము పట్టొచ్చు. కాలిగోరు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి మూల కండ దాటి బయటికొచ్చేదాకా కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

ఇక కత్తిరించేటప్పుడు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. మూల తవ్వి తీస్తే ఆ పూటకి హాయిగానే ఉంటుంది, లోపల మిగిలిన ముల్లులాంటి ముక్క మళ్లీ గుచ్చుతుంది. ముందు భాగం ఇరుకుగా ఉండే బూట్లు కొన్నాళ్లు పక్కన పెట్టండి.

షుగరు ఉన్నవాళ్లు, పాదాలు మొద్దుబారినవాళ్లు మాత్రం ఇది ఇంట్లో చేయొద్దు, డాక్టరుకి చూపించండి. చీము కారుతున్నా, ఎర్రటి వాపు వేలిపైకి పాకుతున్నా అంతే.