షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్, సేవ్ కొడితే యాక్సెస్ డినైడ్

మా ఆఫీసు బిల్లింగ్ ప్రోగ్రాం నాలుగు సిస్టమ్‌ల్లో, డేటా మాత్రం సర్వర్‌లో. సర్వర్ మార్చిన రోజే కౌంటర్ దగ్గర గోల: బిల్లు తెరుచుకుంటుంది, సేవ్ కొడితే ‘యాక్సెస్ డినైడ్’. టెన్షన్‌లో ఆ డేటా ఫోల్డర్ షేరింగ్‌లో ఎవ్రీవన్‌కి, అంటే అందరికీ, ఫుల్ కంట్రోల్ ఇచ్చేశాను, తప్పే. అయినా అదే మాట.

గంట పోయాక అదే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ చూస్తే అక్కడ యూజర్స్‌కి రీడ్ మాత్రమే ఉంది! విండోస్‌లో నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకి షేరింగ్, సెక్యూరిటీ పర్మిషన్లు రెండూ వర్తిస్తాయి, ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. ఫైల్‌ ఒక్కదానికే మాడిఫై (మార్చే హక్కు) ఇస్తే సరిపోలేదు. మాది మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్, ఎవరు తెరిచారో గుర్తుపెట్టుకోడానికి పక్కనే లాక్ ఫైల్ పెట్టుకుంటుంది కాబట్టి ఫోల్డర్‌కే ఇవ్వాలి.

ఎవ్రీవన్‌ని తీసేసి, బిల్లింగ్ వాళ్లకో గ్రూపు చేసి షేరింగ్‌లో ఛేంజ్, సెక్యూరిటీలో మాడిఫై ఇచ్చాను. గ్రూపులో చేర్చాక లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. అది చెప్పడం మరిచిపోయి కౌంటర్ ఆయన చేత ఇంకోసారి తిట్లు తిన్నాను.